కంప్యూటరుకు ఒక పోపులపెట్టె



మీ వంటింట్లో పోపులపెట్టె ఉన్నది గదా. గుండ్రని డబ్బా, అందులో చిన్న చిన్న గిన్నెలు. ఒకదానిలో ఆవాలు, ఒకదానిలో జీలకర్ర, ఒకదానిలో మెంతులు, ఒకదానిలో మినప్పప్పు, మరొకదానిలో ఎండుమిరపకాయలు. నూనె కాగగానే అమ్మ చెయ్యి నేరుగా ఆ పెట్టె మీదికి పోతుంది. ఆ సమయంలో ఆవాల కోసం అటకమీది డబ్బాలు వెతుకుతూ కూర్చుంటే నూనె మాడిపోతుంది. అందుకని తీరిక ఉన్నప్పుడు ఒకసారి గిన్నెలన్నీ నింపుకుంటారు. ఆ తరువాత ఎన్నో రోజులు క్షణంలో వాడుకుంటారు.

కంప్యూటరుతో పనిచేసేవారు కూడా ఇటువంటి పెట్టె ఒకటి కట్టుకుంటారు. ఈ నెల మనం దాన్ని ఎలా కట్టాలో నేర్చుకుందాం. ఆ పెట్టె విషయంలో తీసుకోవలసిన జాగ్రత్త కూడా ఒకటి ఉన్నది. పెట్టె కట్టడం కంటె ఆ జాగ్రత్త తెలుసుకోవడమే ముఖ్యం.

ఉత్తరమా, ముచ్చటా?

కంప్యూటరుతో పని చేయించుకోవడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి ఉత్తరం రాసినట్టు. చెప్పవలసినదంతా ఒకేసారి రాసి పంపాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. రెండవది ఎదురుగా కూర్చుని ముచ్చటించినట్టు. ఒక మాట అడగాలి, వెంటనే జవాబు వస్తుంది. ఆ జవాబు చూసి తరువాతి మాట అడగాలి.

మొదటి రోజుల్లో ఎక్కువగా ఉత్తరం పద్ధతే ఉండేది. అట్టముక్కలకు చిల్లులు పొడిచి, ఆ కట్టను యంత్రశాలలో ఇచ్చి రావాలి. ఫలితం గంటల తరువాతనో, మరునాడో చేతికి వచ్చేది. ఒక్క చిల్లు తప్పు పడితే పని మళ్ళీ మొదటికి వచ్చేది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ఆచార్యులు ఈ ఇబ్బందిని గమనించారు. విద్యార్థులు ఎవరికి వారు ఒక టైపుయంత్రం ముందు కూర్చుని, కంప్యూటరును అడిగి, కొద్ది క్షణాలలో జవాబు పొందే ఏర్పాటు చేశారు. అందుకోసం 'బేసిక్' అనే సులభమైన భాషను కూడా తయారుచేశారు. అది మొదటిసారి పనిచేసినది 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున.

ఈనాడు బడిపిల్లలు ఎక్కువగా నేర్చుకుంటున్న భాషలలో పైథాన్ ఒకటి. గీడో వాన్ రాసమ్ అనే డచ్చి దేశస్థుడు దాన్ని 1991లో లోకానికి ఇచ్చాడు. దాన్ని తెరవగానే >>> అనే మూడు బాణపు మొనలు కనిపిస్తాయి. "చెప్పండి, వింటున్నాను" అని దాని అర్థం. మీరు 12 * 15 అని కొట్టి ఎంటర్ మీట నొక్కితే, కింది వరుసలో 180 అని వస్తుంది. నక్షత్రం గుర్తు హెచ్చవేతకు అన్నమాట. యంత్రం మీ మాట చదువుతుంది, లెక్క కడుతుంది, జవాబు చూపుతుంది, మళ్ళీ చెవి ఒగ్గుతుంది. ఈ నాలుగు పనులే అది తిరిగి తిరిగి చేస్తుంది.

పలక, నోటుపుస్తకం

ఈ ముచ్చటలో ఒక చిక్కు ఉన్నది. ఆ కిటికీ మూసివేస్తే యంత్రం అంతా మరచిపోతుంది. పొద్దున్న మీరు నేర్పిన మాటలు ఏవీ సాయంత్రానికి దానికి గుర్తుండవు. అది పలక వంటిది. పలకమీద హాయిగా రాయవచ్చు, చెరపవచ్చు. కాని అక్కడ ఏదీ నిలవదు.

నిలవవలసినది నోటుపుస్తకంలో రాయాలి. కంప్యూటరులో నోటుపుస్తకం అంటే ఫైలు. రోజూ కావలసిన మాటలు ఒక ఫైలులో ఒకసారి రాసిపెట్టి, పలక తెరిచినప్పుడల్లా ఆ మాటలు ముందుగానే పలకకు అందేటట్టు చెయ్యగలిగితే? అప్పుడు పలక సౌఖ్యమూ ఉంటుంది, పుస్తకం నిలకడా ఉంటుంది. మన పోపులపెట్టె అదే.

పెట్టె కడదాం

పైథాన్ ఉచితంగా దొరుకుతుంది. మామూలుగా దానితోపాటే ఐడిల్ అనే కిటికీ కూడా వస్తుంది. ఐడిల్ తెరవండి. పైన 'ఫైల్' అని ఉన్నచోట నొక్కి, 'న్యూ ఫైల్' అన్నదానిని ఎంచుకోండి. తెల్లకాగితం వంటి కిటికీ వస్తుంది. అందులో ఈ వరుసలు రాయండి:

పై = 22 / 7

డెఫ్ చుట్టుకొలత(పొడవు, వెడల్పు):
    రిటర్న్ 2 * (పొడవు + వెడల్పు)

డెఫ్ వృత్త_వైశాల్యం(వ్యాసార్ధం):
    రిటర్న్ పై * వ్యాసార్ధం * వ్యాసార్ధం

ఇందులో డెఫ్, రిటర్న్ అనే రెండు మాటలను మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. మొదటిది డి, ఇ, ఎఫ్. రెండవది ఆర్, ఇ, టి, యు, ఆర్, ఎన్. 'డెఫ్' అంటే "ఇదిగో, నీకొక కొత్త మాట నేర్పుతున్నాను" అని. 'రిటర్న్' అంటే "ఈ ఫలితం తిరిగి ఇవ్వు" అని. మొదటి వరుస చివర రెండు చుక్కలు మరవకండి. రెండవ వరుస నాలుగు అక్షరాల ఖాళీ వదిలి మొదలుపెట్టాలి. ఆ ఖాళీని బట్టే అది పై వరుసకు చెందినదని యంత్రం గ్రహిస్తుంది.

మిగిలినవన్నీ తెలుగులోనే కొట్టండి. ఆశ్చర్యంగా ఉన్నదా? 2008లో వచ్చిన పైథాన్ మూడవ కూర్పు మొదలు, మనం పెట్టుకొనే పేర్లు తెలుగులో కూడా ఉండవచ్చు. భాషకు ప్రాణమైన మాటలు, డెఫ్ వంటివి, 35 ఉన్నాయి. వాటిని మార్చడానికి వీలులేదు. పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు కనుక 'వృత్త_వైశాల్యం' అని కింద గీతతో కలిపాము. కొన్ని యంత్రాలలో ఒత్తులు విడిపోయి కనిపించవచ్చు. దానివల్ల లెక్కకు ఏమీ లోటు రాదు.

ఇప్పుడు ఈ ఫైలుకు ఇంగ్లీషు అక్షరాలతో ఒక పేరు పెట్టి దాచండి. తరువాత ఎఫ్5 అనే మీట నొక్కండి. బాణపు మొనలు ఉన్న కిటికీ వస్తుంది. పైకి చూస్తే మామూలు పలకే. కాని దానికి మీ మాటలు తెలుసు. అడిగి చూడండి:

>>> చుట్టుకొలత(40, 25)
130
>>> వృత్త_వైశాల్యం(7)
154.0

మీ పెరడు పొడవు 40 అడుగులు, వెడల్పు 25 అడుగులు అయితే, దాని చుట్టూ కంచెకు 130 అడుగుల తీగె కావాలి. రెండవ జవాబులో 154 పక్కన చుక్క, సున్న ఎందుకు వచ్చాయి? 22ను 7తో భాగించాము గనుక. భాగహారం జరిగిన చోట పైథాన్ ఎప్పుడూ దశాంశ బిందువుతో జవాబిస్తుంది.

ఐడిల్ లేకుండా కూడా ఈ పని చెయ్యవచ్చు. ఆదేశాలు కొట్టే నల్లకిటికీలో పైథాన్ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి, ఒక అడ్డగీత, దానికి ఆనుకుని చిన్న ఐ అక్షరం, మళ్ళీ ఖాళీ, తరువాత ఫైలు పేరు రాయాలి. ఆ అడ్డగీతా, ఐ అక్షరమూ కలిసి "ఫైలు చదివిన తరువాత వెళ్ళిపోకు, నాతో ముచ్చటించు" అని చెబుతాయి. కొన్ని యంత్రాలలో పైథాన్ అనే మాటకు ఆనించి 3 అంకె చేర్చాలి.

పిల్లలు నేర్పే మాటలు

యంత్రానికి పిల్లలే కొత్త మాటలు నేర్పవచ్చునన్న ఆలోచన ఇప్పటిది కాదు. 1967లో అమెరికాలో వాలీ ఫోర్జైగ్, సేమూర్ పేపర్ట్, సింథియా సాలమన్ అనేవారు కలిసి పిల్లల కోసం 'లోగో' అనే భాష తయారుచేశారు. తరువాత అందులోకి ఒక తాబేలు వచ్చి చేరింది. "ముందుకు పో, కుడికి తిరుగు" అంటే తాబేలు నడిచి గీత గీస్తుంది. 'చదరం' అంటే దానికి తెలియదు. ముందుకు పోయి కుడికి తిరగడం నాలుగుసార్లు చేస్తే చదరం అవుతుందని పిల్లవాడు నేర్పాలి. ఒకసారి నేర్పితే, అటుపైన 'చదరం' అన్న ఒక్క మాట చాలు. ఆ చదరాలతో ఇల్లు, ఇళ్ళతో వీధి గీయవచ్చు. నేర్పాలంటే ముందు తనకు తెలియాలి గదా. అలా తాబేలుకు పాఠం చెబుతూ పిల్లవాడే రేఖాగణితం నేర్చుకుంటాడు.

కనుక పెట్టెలోని గిన్నెలు ఎవరు నింపారన్నది చిన్న సంగతి కాదు. మీరు నింపితే అందులో ఏమున్నదో మీకు తెలుసు. మరొకరు నింపి ఇస్తే? ఇక అసలు జాగ్రత్త సంగతి చెబుతాను.

గిన్నె మీద పేరు, గిన్నెలో సరుకు

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకోండి. తండ్రి వ్యవసాయం ఖర్చులకు 50,000 రూపాయలు అప్పు తెచ్చాడు. రెండు రూపాయల వడ్డీ. ఏడాది గడిచింది. ఏడవ తరగతి చదువుతున్న కూతురును పిలిచి, "వడ్డీ ఎంతయిందో చూడమ్మా" అన్నాడు. ఆ అమ్మాయికి ఎవరో తయారుచేసి ఇచ్చిన పెట్టె ఒకటి ఉన్నది. అందులో 'బారువడ్డీ' అనే మాట ఉన్నది. అసలు, వడ్డీరేటు, నెలలు వరుసగా ఇస్తే అది వడ్డీ చెబుతుంది. ఆమె ఇలా అడిగింది:

>>> బారువడ్డీ(50000, 2, 12)
1000.0

"వెయ్యి రూపాయలు, నాన్నా!" అన్నది. తండ్రి వెయ్యి రూపాయలు విడిగా తీసిపెట్టుకున్నాడు. అప్పు ఇచ్చినవాడు వచ్చి 12,000 అడిగాడు.

యంత్రం లెక్క తప్పిందా? లేదు. అమ్మాయి అంకెలు తప్పు కొట్టిందా? అదీ లేదు. మన ఊళ్ళలో "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. బ్యాంకులో "రెండు శాతం" అంటే నూటికి ఏడాదికి రెండు రూపాయలు. ఆ పెట్టె కట్టినవారు బ్యాంకు పద్ధతి మనసులో పెట్టుకుని రాశారు. గిన్నె మీద 'వడ్డీరేటు' అని మాత్రమే ఉన్నది. ఏడాదికా, నెలకా అన్నది ఎక్కడా లేదు. జీలకర్ర, సోపు పక్కపక్కన పెడితే ఒకటే అనిపిస్తాయి. పోపు వేశాక గాని తేడా తెలియదు.

ఇటువంటి తప్పును యంత్రం పట్టుకోలేదు. మీరు 'వడ్డీ' అని రాయవలసినచోట దీర్ఘం మరచి 'వడ్డి' అని రాస్తే, అటువంటి పేరు తెలియదని ఎర్ర అక్షరాలతో చెబుతుంది. 50,000 అని అంకెలో కామా పెడితే, దాన్ని 50, 0 అనే రెండు అంకెలుగా తీసుకుని, లెక్కకు మించి సరుకు ఇచ్చారని మొరాయిస్తుంది. ఆ తప్పులు మేలు, వెంటనే తెలిసిపోతాయి. అర్థంలో ఉన్న తప్పు మాత్రం నోరు మెదపదు. శుభ్రంగా 1000.0 అని వచ్చి కూర్చుంటుంది.

మరి దీనికి మందు ఏమిటి? మూడు పనులు చెయ్యాలి.

మొదటిది, పేర్లు పూర్తిగా పెట్టాలి. రెండవది, గిన్నెకు ఒక చీటీ అంటించాలి. డెఫ్ వరుస కిందనే కొటేషన్ గుర్తుల మధ్య ఒక వాక్యం రాస్తే అదే చీటీ అవుతుంది:

డెఫ్ బారువడ్డీ(అసలు, నూటికి_నెలకు, నెలలు):
    "నూటికి నెలకు ఇన్ని రూపాయల చొప్పున వడ్డీ"
    రిటర్న్ అసలు * నూటికి_నెలకు * నెలలు / 100

పైథాన్‌లో 'హెల్ప్' అనే సాధనం ఉన్నది. ఏ మాట పేరు దానికి ఇచ్చినా, ఆ మాట చీటీని చదివి చూపుతుంది. మీ ఫైలులో ఒక వరుసలో సాయం అని రాసి, సమానం గుర్తు పెట్టి, కుడివైపు హెల్ప్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో రాయండి. హెచ్, ఇ, ఎల్, పి. అటుపైన 'సాయం(బారువడ్డీ)' అని అడిగితే చాలు, చీటీ కళ్ళ ముందు ఉంటుంది.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. చేతితో చెయ్యగల చిన్న లెక్క ఒకటి ముందు అడగాలి. నూరు రూపాయలకు, రెండు రూపాయల వడ్డీకి, ఒక్క నెలకు వడ్డీ ఎంత? రెండు రూపాయలని మీ తాతయ్యగారు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. 'బారువడ్డీ(100, 2, 1)' అని అడిగి చూడండి. 2.0 అని వస్తే ఆ గిన్నెను నమ్మవచ్చు. పైన చెప్పిన అమ్మాయి ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, 2.0 రాదు, 0.16 అని మొదలయ్యే అంకె వచ్చేది. అప్పుడే అనుమానం పుట్టేది.

ఒక చిన్న ప్రయోగం

మీ పెట్టె తెరిచి, బాణపు మొనల దగ్గర ఇలా కొట్టండి:

>>> పై = 3
>>> వృత్త_వైశాల్యం(7)
147

ఇందాక 154 వచ్చినచోట ఇప్పుడు 147 వచ్చింది. మీరు వృత్త_వైశాల్యాన్ని ముట్టుకోలేదు. పైని మార్చారు, అంతే. ఒక గిన్నెలో సరుకు మారితే, దాన్ని వాడుకొనే మరో గిన్నె కూడా మారుతుందన్నమాట. ఇప్పుడు ఫైలు కిటికీలోకి పోయి మళ్ళీ ఎఫ్5 నొక్కి అడగండి. 154.0 తిరిగి వస్తుంది. పలకమీద చేసిన మార్పు పలకతో పోయింది, పుస్తకం చెక్కు చెదరలేదు. అందువల్ల పలకమీద ఏమి చేసినా భయపడవలసిన పని లేదు. ధైర్యంగా చెరిపి రాయండి.

ఇంకొక మాట. 22/7 అన్నది పై విలువకు దగ్గరి అంకె మాత్రమే. అసలు విలువ 3.14159 అని మొదలై అంతం లేకుండా పోతుంది. చిన్న వృత్తానికి ఆ తేడా లెక్కలోకి రాదు. వ్యాసార్ధం 700 మీటర్లు ఉన్న చెరువుకు మాత్రం 22/7తో కట్టిన వైశాల్యం దాదాపు 620 చదరపు మీటర్లు ఎక్కువ వస్తుంది. ఒక ఇల్లు, దాని పెరడు పట్టేంత చోటు అది. కనుక పై ఉన్న వరుస పక్కన కూడా "ఇది దగ్గరి విలువ" అని చీటీ పెట్టండి. ఎదురుగా # గుర్తు ఉన్న మాటలను యంత్రం పట్టించుకోదు, మనుషులు మాత్రం చదువుకుంటారు.

పై తరగతులవారికి

పెట్టె ముస్తాబు కూడా మీ ఇష్టం. పైథాన్‌లో 'కోడ్' అనే మాడ్యూలు ఉన్నది. అందులోని 'ఇంటరాక్ట్' అనే సాధనానికి స్వాగత వాక్యం ఒకటి, మీ మాటల పట్టిక ఒకటి ఇస్తే, మీ సొంత పలక తెరుచుకుంటుంది. 'సిస్' అనే మాడ్యూలులోని 'పిఎస్1' అనే పేరును మారిస్తే, నల్లకిటికీలో బాణపు మొనలకు బదులు "చెప్పు:" అని కనిపించేటట్టు కూడా చెయ్యవచ్చు. ఆ మాడ్యూళ్ళకు కూడా 'హెల్ప్' ఉన్నది. చదివి చూసుకోండి.

పెద్దలకు ఒక మాట

ఇంగ్లీషు బాగా రానందువల్ల కంప్యూటరు తనకు రాదనుకొనే పిల్లలు మన బడులలో ఎందరో ఉన్నారు. అటువంటి బిడ్డ ముందు 'చుట్టుకొలత' అనే మాట తెలిసిన యంత్రాన్ని ఉంచి చూడండి. బిడ్డకు అడ్డుపడుతున్నది లెక్క కాదనీ, మాట అనీ మీకే తెలుస్తుంది. మొదట ఐదారు గిన్నెలకంటె ఎక్కువ నింపకండి. నింపిన ఫైలును దాచకండి. నాలుగు రోజులు వాడిన తరువాత, ఆ ఫైలు బిడ్డచేతనే తెరిపించి, ఒక గిన్నె తనచేత నింపించండి. ఎప్పటికీ ఇతరులు నింపిన పెట్టెతోనే వండేవారికి వంట వచ్చిందని అనలేము గదా.

ఈ నెల పని

1. 'పాలలెక్క' అనే మాట నేర్పండి. రోజుకు ఎన్ని లీటర్లు, లీటరు ధర ఎంత, ఎన్ని రోజులు అన్నవి ఇస్తే నెల బాకీ చెప్పాలి. చీటీ అంటించండి. చేతితో చేసిన లెక్కతో సరిచూడండి.

2. పైథాన్‌లో కూడా తాబేలు ఉన్నది. 'ఇంపోర్ట్' అనీ, పక్కన 'టర్టిల్' అనీ మొదటి వరుసలో ఇంగ్లీషులో రాయండి. తరువాత రెండు వరుసలు:

ముందుకు = టర్టిల్.ఫార్వర్డ్
కుడికి = టర్టిల్.రైట్

సమానం గుర్తుకు కుడివైపు ఉన్నవి ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. మీ ఫైలుకు మాత్రం టర్టిల్ అని పేరు పెట్టకండి. అలా పెడితే యంత్రం తన తాబేలును విడిచి, మీ ఫైలునే తాబేలనుకుంటుంది. ఎఫ్5 నొక్కి, 'ముందుకు(100)', 'కుడికి(90)' అని నాలుగేసిసార్లు కొట్టండి. ఏమి వచ్చిందో చూడండి.

3. కుడికి 90 తిరిగితే చదరం వచ్చింది. మూడు భుజాలు సమానంగా ఉన్న త్రిభుజం రావాలంటే ఎంత తిరగాలి? 60 అని తొందరపడి చెప్పకండి. తాబేలునే అడిగి చూడండి. జవాబూ, దానికి కారణమూ వచ్చే నెల చెప్పుకుందాం.